ఫ్రీజ్ డ్రయ్యర్‌ను కారం మిల్లులా కూలికి నడపాలి

సంపాదకుల గారికి నమస్కారాలు.

మామిడి ధర పడిపోయిన ప్రతి వేసవిలోనూ, గోంగూర కట్టలు రైతుబజారులో సాయంత్రానికి వాడిపోయి చెత్తకుప్పకు చేరిన ప్రతిసారీ, ఫ్రీజ్ డ్రయ్యర్ అనే యంత్రం పేరు ఈ మధ్య మన ప్రాంతంలో గట్టిగా వినిపిస్తోంది. పండినదాన్ని గడ్డకట్టించి, గాలి తీసేసిన పెట్టెలో ఆరబెడితే రంగు, రుచి, వాసన పోకుండా ఏళ్ల తరబడి నిలుస్తుందనీ, విదేశాల్లో ఉన్న పిల్లలకు తేలిగ్గా పంపుకోవచ్చుననీ, డ్వాక్రా సంఘాలవాళ్లు ఇంట్లోనే పెట్టుకొని నడుపుకోవచ్చుననీ అమ్మకందార్లు ఊరూరా తిరిగి చెబుతున్నారు. ఇందులో మొదటి రెండు మాటలు చాలావరకు నిజం. మూడో మాట నమ్మి అప్పు చేసినవాళ్లు ఏమవుతున్నారో దగ్గర నుంచి చూశాను కనుక ఈ ఉత్తరం రాస్తున్నాను. నేను గుంటూరు చుట్టుపక్కల మిర్చి కోల్డ్ స్టోరేజీలలో ముప్పై రెండేళ్లు అమ్మోనియా కంప్రెసర్ల దగ్గర పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్నవాణ్ని. చలిని తయారుచేయడం ఎంత ఖర్చుతో, ఎంత కాపలాతో కూడిన పనో నాకు తెలుసు. ఈ యంత్రం మన జిల్లాలకు రావాలనే నా కోరిక. అయితే అది సంఘానికొకటి చొప్పున అప్పు మీద కొనే వస్తువుగా రాకూడదు. ఎవరి మిరపకాయలు వాళ్లు తెచ్చుకొని, కిలోకింత కూలి ఇచ్చి ఆడించుకుపోయే కారం మిల్లు ఉన్నట్టుగా, ఎవరి సరుకు వాళ్లు తెచ్చి ఆరబెట్టించుకొని వెళ్లే ఉమ్మడి యంత్రంగా రావాలి.

మా చెల్లెలు ఆగిరిపల్లి దగ్గర ఒక ఊళ్లో ఉంటుంది. ఆమె, మరో తొమ్మిది మంది ఆడవాళ్లు సంఘంగా ఏర్పడి చాలా ఏళ్లుగా తాండ్ర, ఒరుగులు, వడియాలు చేసి విజయవాడలో అమ్ముకుంటున్నారు. రెండేళ్ల కిందట బ్యాంకు అప్పు తీసుకొని ఒక చిన్న ఫ్రీజ్ డ్రయ్యర్ కొన్నారు. కొటేషన్ కాగితం మీద సామర్థ్యం పది కిలోలని రాసి ఉంది. మొదటి బంగినపల్లి కోతకు పది కిలోల ముక్కలు కోసి, ట్రేలలో పరిచి తలుపు వేశారు. ముప్పై గంటల్లో అయిపోతుందని చెప్పిన పని యాభై గంటలైనా తెమలలేదు. తలుపు తీసి చూస్తే పై ట్రేలలో ముక్కలు పెళుసుగా బాగానే ఉన్నాయి కానీ, కింది ట్రేలలోవి పొంగి, కుంగి, పాకం ముదిరినట్టుగా ట్రేలకు అతుక్కుపోయాయి. “అన్నయ్యా, మిషన్ల సంగతి నీకు తెలుసు కదా, ఒక్కసారి వచ్చి చూడు” అని ఫోన్ చేస్తే వెళ్లాను. యంత్రం వెనక రేకు మీద చిన్న అక్షరాలలో అసలు విషయం ఉంది. పది కిలోలన్నది ట్రేల మీద పట్టే సరుకు బరువు. లోపల ఆవిరిని మంచుగా పట్టే చల్లని లోహపు చుట్ట (కాయిల్) పట్టుకోగలిగిన మంచు నాలుగు కిలోలు మాత్రమే. పది కిలోల మామిడి ముక్కల్లో ఎనిమిది కిలోల పైచిలుకు నీరుంటుంది. నాలుగు కిలోలు పట్టే చోట ఎనిమిది కిలోల నీటిని ఏ యంత్రమూ పట్టి ఉంచలేదు. అమ్మినవాళ్లను అడిగితే, సామర్థ్యమంటే ట్రేల సామర్థ్యమే అన్నారు. వాళ్లెవరో ఇక్కడ చెప్పడం నా ఉద్దేశం కాదు. ఆ ఒక్క అంకె అడగాలని ఆ పది మందికీ ఎవరూ ముందుగా చెప్పకపోవడమే నన్ను బాధించింది.

ఆ అంకె ఎందుకంత ముఖ్యమో చెప్పాలంటే యంత్రం పనితీరు కొంచెం వివరించాలి. మూత సరిగా పెట్టని డబ్బాలో హారతి కర్పూరం కరగకుండానే తరిగిపోవడం మనం ఇళ్లలో చూస్తూనే ఉంటాం. ఘనపదార్థం నీరుగా మారకుండా నేరుగా ఆవిరి కావడాన్ని బడి పుస్తకాల్లో ఉత్పతనం అంటారు. మంచు చేత కూడా ఆ పని చేయించవచ్చు. మన చుట్టూ ఉన్న గాలి పీడనం పాదరసం లెక్కలో 760 మిల్లీమీటర్లు. దాన్ని సుమారు 4.6 మిల్లీమీటర్ల కన్నా కిందికి దించితే ఇక నీరు ద్రవరూపంలో నిలవలేదు. మంచుగా ఉండాలి, లేదా ఆవిరైపోవాలి. అందుకే ముందు సరుకును సున్నాకు ముప్పై, నలభై డిగ్రీల దిగువకు గడ్డకట్టించి, తర్వాత పెట్టెలోని గాలిని ఒక మిల్లీమీటరు కన్నా తక్కువకు లాగేసి, ఆపైన ట్రేల కింద కొద్దికొద్దిగా వెచ్చదనం ఇస్తారు. మంచు ఉన్నచోటి నుంచే ఆవిరై వెళ్లిపోతుంది. నీరు కారదు, ముక్క ముడుచుకోదు, మంచు ఉన్న చోట్లన్నీ సన్నని రంధ్రాలుగా మిగిలిపోతాయి. అందువల్లనే ఇలా ఆరిన మామిడి ముక్క తాజా ముక్క ఆకారంలోనే ఉండి, చేతిలోకి తీసుకుంటే దూదిలా తేలిగ్గా ఉంటుంది. నీళ్లలో వేస్తే నిమిషాల్లో మెత్తబడుతుంది.

ఇలా బయలుదేరిన ఆవిరి ఎక్కడికి పోవాలన్నదే అసలు చిక్కు. అంత తక్కువ పీడనంలో ఒక్క కిలో మంచు ఆవిరైతే అది వెయ్యి ఘనపు మీటర్లకు పైగా వ్యాపిస్తుంది. దాన్ని లాగి బయట పోయడం మామూలు పంపుల వల్ల కాదు. అందుకని ఆ ఆవిరి దారిలో సున్నాకు నలభై, యాభై డిగ్రీల దిగువన ఉండే లోహపు చుట్టను పెడతారు. ఆవిరి వచ్చి దానికి తగిలి తిరిగి మంచుగా పేరుకుపోతుంది. యంత్రానికి గుండెకాయ ఈ చుట్టే. కొనేవాళ్లంతా పంపు శక్తి, తెర మీద కనిపించే అంకెలు, ట్రేల సంఖ్య చూసి మురిసిపోతున్నారు. చుట్ట ఎంత చల్లబడుతుంది, ఒక విడతలో ఎన్ని కిలోల మంచు పడుతుంది అన్న రెండు ప్రశ్నలకు జవాబు కాగితం మీద రాసివ్వని యంత్రాన్ని కొనకూడదు. అసలు ఈ చుట్టే లేకుండా, వాక్యూమ్ పెట్టెకు హీటర్ తగిలించిన వాటికీ, వేడి గాలి డ్రయ్యర్లకూ కూడా కొందరు ఇదే పేరు పెట్టి అమ్ముతున్నారు కనుక ఈ మాట నొక్కి చెబుతున్నాను.

ఈ విద్య కొత్తది కాదు. దక్షిణ అమెరికాలోని ఆండీస్ కొండల్లో రాత్రి మంచుకు బంగాళాదుంపలను గడ్డకట్టనిచ్చి, పగలు తొక్కి ఆరబెట్టి నిల్వ చేసుకోవడం ఎన్నో తరాలుగా ఉంది. ప్రయోగశాలలో ఈ పద్ధతికి 1906లో పారిస్‌లో దార్సన్వాల్, బోర్దాస్ అనే శాస్త్రవేత్తలు దారి వేశారు. రెండో ప్రపంచ యుద్ధకాలంలో గాయపడిన సైనికుల కోసం రక్తంలోని ప్లాస్మాను, ఆ తర్వాత పెన్సిలిన్‌ను నిల్వ చేయడానికి అది పెద్ద ఎత్తున ఉపయోగపడింది. మన దేశంలో రక్షణ శాఖ 1961లో మైసూరులో నెలకొల్పిన ఆహార పరిశోధనశాల సైనికుల ఆహారం కోసం దీని మీద పనిచేసింది. అంత దూరం పోనక్కరలేదు. విజయవాడ నుంచి తెనాలి వెళ్లే దారిలో, పసుపు యార్డుకు పేరుపడ్డ దుగ్గిరాలలోనే సీసీఎల్ సంస్థవారి ఇన్‌స్టంట్ కాఫీ కర్మాగారం ఉంది. కాఫీ కషాయాన్ని గడ్డకట్టించి, పలుకులుగా పగలగొట్టి, వాక్యూమ్‌లో ఆరబెట్టి ఎన్నో దేశాలకు పంపుతున్నారు. అంటే ఈ యంత్రాన్ని మన ఎండల్లో, మన కరెంటు మీద, మన పిల్లలే ఆపరేటర్లుగా నిలకడగా నడపవచ్చునని మన కళ్లెదుటే రుజువై ఉంది. అయితే అక్కడ దాన్ని నడుపుతున్నది పెద్ద కర్మాగారం. రాత్రింబవళ్లు షిఫ్టులవారీగా మనుషులు, సొంత ప్రయోగశాల, కరెంటు పోతే అందుకునే జనరేటర్లు వెనక ఉంటాయి. నలుగురు ఆడవాళ్లు వంటింటి పక్క గదిలో పెట్టుకునే యంత్రానికి ఇవేవీ ఉండవు.

మామిడి కోతకొచ్చేది ఏప్రిల్, మే నెలల్లో. సరిగ్గా అప్పుడే బెజవాడలో ఎండ నలభై డిగ్రీలు దాటుతుంది. చలి యంత్రం తనలోని వేడిని బయటి గాలిలోకి వదలాలి. బయటి గాలే నలభై మూడు డిగ్రీలుంటే చుట్ట చల్లబడవలసినంత చల్లబడదు, కంప్రెసర్ ఆగకుండా తిరిగి వేడెక్కుతుంది. మా చెల్లెలు వాళ్లు చివరికి ఆ గదికి ఏసీ పెట్టించుకోవలసి వచ్చింది. ఆ ఖర్చు కొటేషన్‌లో లేదు. కరెంటు పోవడం దీనికి తోడు. ఇరవయ్యో గంటలో కరెంటు పోయి గంటన్నర రాకపోతే చుట్ట మీది మంచు కరిగి, పీడనం పెరిగి, సగం ఆరిన ముక్కలు మళ్లీ తడుస్తాయి. మామిడి, సపోటా వంటి తీపి పండ్లలో చక్కెర ఎక్కువ కనుక అవి ఎంత గడ్డకట్టినట్టు కనిపించినా లోపల కొంత మెత్తదనం ఉంటుంది. వాటిని ఇంకా లోతుగా చల్లబరచాలి, వెచ్చదనం ఇంకా నిదానంగా ఇవ్వాలి. తొందరపడితే ముక్క కుంగి పాకమవుతుంది. ఒకసారి అలా అయినదాన్ని తిరిగి బాగుచేసే ఉపాయం లేదు.

పంపులో పోసే నూనె సంగతి కూడా రాయాలి. చుట్టను తప్పించుకున్న కొద్దిపాటి ఆవిరి నూనెలో కలిసి అది మజ్జిగలా తెల్లబడుతుంది. ఆ నూనెను వడకట్టకుండా, మార్చకుండా నడిపితే పంపు లాగే శక్తి తగ్గి, చివరికి పాడైపోతుంది. తలుపు చుట్టూ ఉండే రబ్బరు గాస్కెట్ మీద ఒక్క గోంగూర ఆకు తునక ఇరుక్కున్నా వాక్యూమ్ నిలవదు. ఇవి నేర్చుకోలేని పనులేమీ కావు. మా చెల్లెలి సంఘంలో పదో తరగతి చదివిన ఒక అమ్మాయి నెల రోజుల్లో ఇవన్నీ నాకన్నా శ్రద్ధగా చేయడం నేర్చుకుంది. కానీ ప్రతి సంఘంలోనూ అటువంటి మనిషి ఒకరు దీనికే అంటిపెట్టుకొని ఉండాలంటే సరుకు ఏడాదంతా రావాలి. పది మంది చేతిలో ఉన్న ఒక చిన్న యంత్రానికి ఏడాదంతా సరుకు రాదు.

ఖర్చు లెక్క వేసి చూపిస్తాను. ఒక కిలో మంచును ఆవిరి చేయడానికి సుమారు 2,840 కిలోజౌళ్ల శక్తి కావాలి. కరెంటు లెక్కలో అది యూనిట్‌లో ఐదింట నాలుగు వంతులు. అదే ఆవిరిని మళ్లీ మంచుగా పట్టుకోవడానికి దాదాపు అంత వేడినీ తోడి బయట పోయాలి. పంపు గంటల తరబడి తిరుగుతూనే ఉండాలి. చిన్న యంత్రాలలో వృథా ఎక్కువ. మా చెల్లెలి ఇంట్లో ఐదు కిలోల ముక్కలు మాత్రమే పెట్టించి, నేనే మీటరు చూసి రాసుకున్నాను. నలభై యూనిట్ల పైమాటే అయింది. ఆ ఐదు కిలోల నుంచి వచ్చిన ఎండు సరుకు కిలోకు కాస్త తక్కువ. యూనిట్ ఏడెనిమిది రూపాయలనుకుంటే ఆ సరుకు మీద కరెంటు ఖర్చే మూడు వందల రూపాయల దాకా అవుతుంది. పండు ధర, తొక్క, టెంక పోగా మిగిలే తరుగు, కోత కూలి, సంచి, బ్యాంకు వాయిదా దీనికి అదనం. ఎండలో చేసే తాండ్రకు, ఒరుగులకు సూర్యుడు కూలి అడగడు. కనుక ఆ ఎక్కువ ధర ఇచ్చి కొనేవాడు ఎవరో ముందు తేలాలి. ఆ కొనేవాడు తేమ శాతం ఎంత, సూక్ష్మజీవుల లెక్క ఎంత అని పరీక్షల కాగితం అడుగుతాడు. కిలో, రెండు కిలోలు తయారుచేసే సంఘం ప్రతి విడతకూ ఆ పరీక్షలు చేయించలేదు.

ఏ సరుకుకు ఈ యంత్రం తగినదో, దేనికి తగదో కూడా స్పష్టంగా చెప్పేవాళ్లు కనిపించడం లేదు. మిర్చికి ఇది అక్కరలేదు. కల్లంలో ఎండబెట్టి పది, పదకొండు శాతం తేమకు తెచ్చిన కాయను టిక్కీలలో, అంటే మిర్చి బస్తాలలో నింపి కోల్డ్ స్టోరేజీలో పెడితే రంగు పోకుండా నిలుస్తుంది. అంత తక్కువ ఖర్చుతో జరిగే పనిని ఇంత ఖరీదైన యంత్రంలోకి మార్చడంలో అర్థం లేదు. ఆవకాయ పెట్టవచ్చునా అని నన్ను చాలామంది అడిగారు. నూనె ఆవిరి కాదు, చిక్కటి పాకం సరిగా గడ్డకట్టదు కనుక ఊరగాయలు, నెయ్యి, బెల్లపు పాకాలు ఇందులో ఆరవు. పైగా ఊరగాయకు ఉప్పు, పులుపు, నూనె అనే కాపలాదార్లు ఎప్పటి నుంచో ఉన్నారు. ఈ యంత్రం విలువ తెలిసేది త్వరగా పాడయ్యే, సువాసనే ప్రాణంగా ఉన్న వాటి దగ్గర. గోంగూరను ఎండలో పెడితే నల్లబడి, ఆ పచ్చిదనం పోతుంది. ఇందులో ఆరబెట్టిన గోంగూరను నేను స్వయంగా పప్పులో వేయించుకొని తిన్నాను. ఆకు రంగూ, పులుపూ ఉన్నవి ఉన్నట్టే ఉన్నాయి. కరివేపాకు, మునగాకు, పుదీనా, పనస తొనలు, బంగినపల్లి ముక్కలు, స్వీట్ కార్న్, తీరప్రాంతం నుంచి వచ్చే రొయ్యలు దీనికి తగినవి. రొయ్యలు పెట్టిన ట్రేలలో మర్నాడు మామిడి పెట్టకూడదు. వాసన ఒక్కటే కాదు, రొయ్యలు పడని మనుషులకు అది ప్రమాదం కూడా.

పరిశుభ్రత గురించి ఒక అపోహను తప్పక సరిచేయాలి. ఈ పద్ధతిలో ఆరితే సూక్ష్మజీవులు చచ్చిపోతాయని అమ్మేవాళ్లు చెబుతున్నారు, కొన్నవాళ్లు నమ్ముతున్నారు. అది తప్పు. పసిపిల్లలకు వేసే బీసీజీ టీకా పొడి రూపంలో చిన్న సీసాలో వస్తుంది, నర్సు అందులో ద్రవం కలిపి వేస్తుంది. ఆ పొడిలో ఉన్నవి బతికి ఉన్న సూక్ష్మజీవులే. వాటిని ప్రాణంతో నిల్వ ఉంచడానికి వాడిన పద్ధతి ఈ ఫ్రీజ్ డ్రైయింగే. అంటే మురికి చేతులతో కోసిన మామిడి ముక్కల మీది క్రిములు కూడా అలాగే భద్రంగా నిద్రపోయి, నీళ్లు తగలగానే లేస్తాయి. కడగడం, కోయడం, తూచడం జరిగే చోటు ఆసుపత్రి గదంత శుభ్రంగా ఉండాలి. ఇదీ ఇంటి పెరట్లో సాధ్యమయ్యే పని కాదు.

ఆరిన తర్వాత కూడా పని ముగియదు. అన్ని రంధ్రాలున్న ఆ సరుకు గాలిలోని తేమను దూదిలా పీలుస్తుంది. కృష్ణ ఒడ్డున ఉన్న మన గాలిలో తేమకు కొదవలేదు. మా చెల్లెలు వాళ్లు మొదటిసారి గోంగూర ట్రేలను బయటికి తీసి, ఫ్యాను కింద పెట్టి, అందరినీ పిలిచి చూపించే లోపల పావుగంటలో ఆకు మెత్తబడిపోయింది. గదిలో తేమ తీసే యంత్రం ఉండాలి. సరుకును వెంటనే అల్యూమినియం పొర ఉన్న సంచులలో పోసి, ఆక్సిజన్ పీల్చే పొట్లం వేసి, లేదా నత్రజని నింపి సీలు చేయాలి. లేకపోతే మామిడి రంగు కొద్ది నెలల్లోనే వెలిసిపోతుంది. పూర్తిగా ఆరిందో లేదో చేత్తో పట్టుకొని తేల్చలేం. తూచి, మళ్లీ పెట్టి, కొన్ని గంటల తర్వాత మళ్లీ తూచాలి. రెండు తూకాలూ ఒకటైతేనే ఆరినట్టు. ఇరవై ఐదేళ్లు నిల్వ ఉంటుందన్న ప్రచారం సీలు చేసిన డబ్బాలను చల్లని చోట దాచుకునే దేశాల లెక్క. వేసవిలో మన ఇళ్ల అటకల మీద ఆ లెక్క చెల్లదు.

బుడమేరు వాగు పొంగి 2024 సెప్టెంబరులో విజయవాడలోని సింగ్‌నగర్ నీట మునిగినప్పుడు హెలికాప్టర్ల మీద, డ్రోన్ల మీద ఆహారం పంపడం చూసి, ఇలాంటి తేలికైన ఎండు భోజనం సిద్ధంగా ఉంటే బాగుండేదని కొందరు మిత్రులు నాతో అన్నారు. నేను ఒప్పుకోలేకపోయాను. ఎండు భోజనానికి మంచి నీరు, వీలైతే వేడి నీరు కావాలి. నడుము లోతు నీళ్లలో చిక్కుకున్నవాళ్లకు దొరకనిది ఆ మంచి నీరే.

కనుక నా విన్నపం ఇది. గుంటూరు, ఎన్టీఆర్ జిల్లాలకు చెరొకటి చొప్పున, మనసు పెడితే బాపట్లకు మరొకటి, కూలికి ఆరబెట్టే కేంద్రాలు ఏర్పాటు చేయాలి. చిన్న ఆహార సంస్థల కోసం కేంద్రప్రభుత్వం 2020లో ప్రారంభించిన పీఎంఎఫ్ఎంఈ పథకంలో ఒక్కో చిన్న యూనిట్‌కు 35 శాతం, గరిష్ఠంగా 10 లక్షల రూపాయల రాయితీ ఉంది. ఆ సంగతి అందరికీ తెలిసింది, అమ్మకందార్లు దాన్నే ఎరగా చూపుతున్నారు. అదే పథకంలో రైతు ఉత్పత్తిదారుల సంఘాలు, స్వయం సహాయక బృందాలు, సహకార సంఘాలు ఉమ్మడి సదుపాయం పెట్టుకుంటే 35 శాతం, గరిష్ఠంగా 3 కోట్ల వరకు రాయితీ ఇచ్చే వీలు కూడా ఉంది. దాని మాట ఎవరూ ఎత్తడం లేదు. పది సంఘాలు పది చిన్న యంత్రాలకు చేసే అప్పును ఒకచోట చేరిస్తే, వృథా తక్కువగా ఉండే ఒక పెద్ద యంత్రం, జనరేటర్, తేమ లేని ప్యాకింగ్ గది, చిన్న పరీక్షశాల వస్తాయి.

అటువంటి కేంద్రాన్ని మిర్చి కోల్డ్ స్టోరేజీల సరసన పెట్టవచ్చునని నా అభిప్రాయం. త్రీఫేజ్ కరెంటు, జనరేటర్, తూనికల కాటా, లారీలు తిరిగే ఆవరణ, అన్నిటికన్నా ముఖ్యంగా కంప్రెసర్ చప్పుడు విని జబ్బు చెప్పగలిగిన ఆపరేటర్లు అక్కడ ఉన్నారు. రెండు జాగ్రత్తలు మాత్రం చెప్పాలి. మిర్చి గదుల చలి నాలుగు నుంచి ఆరు డిగ్రీలది. దానికోసం పెట్టిన అమ్మోనియా ప్లాంటు సున్నాకు నలభై డిగ్రీల దిగువకు తీసుకుపోలేదు, అందుకు రెండంచెల కంప్రెసర్లతో వేరే ప్లాంటు కావాలి. ఇక మిర్చి ఘాటు ఎంత దూరం పాకుతుందో యార్డు పక్కన కాపురమున్నవాళ్లందరికీ తెలుసు. మామిడి, గోంగూర ఆరే గది వేరే కట్టడంలో, గాలి రాకపోకలు పూర్తిగా వేరుగా ఉండి తీరాలి.

కూలిని సరుకు బరువు మీద కాకుండా, తీసిన నీటి బరువు మీద కట్టాలని కోరుతున్నాను. యంత్రం చేసే పని నీరు తీయడమే. లోపలికి వెళ్లిన బరువు, బయటికి వచ్చిన బరువు రెండూ రైతు ఎదుటే తూచి, తేడాకు కిలోకింత అని ధరల పట్టిక గోడ మీద రాసి పెడితే తగాదాకు తావుండదు. గోంగూర తెచ్చినవాళ్లకూ, తక్కువ నీరుండే పనస తొనలు తెచ్చినవాళ్లకూ ఒకే కొలత వర్తిస్తుంది. ఏ పంటను ఎంత మందంగా కోయాలి, ఎంత లోతుగా గడ్డకట్టించాలి, ట్రే వెచ్చదనాన్ని ఏ గంటకు ఎంత పెంచాలి అన్న పట్టికలను మన పంటల మీద, మన వాతావరణంలో ప్రయోగాలు చేసి తెలుగులో అచ్చువేసే పనిని బాపట్లలోని ఆహార సాంకేతిక కళాశాలకూ, కోత అనంతర సాంకేతిక కేంద్రానికీ అప్పగించవచ్చు. ఆ పట్టికలు లేనందువల్లనే ప్రతి సంఘమూ తన మొదటి కాపును పారబోసుకొని నేర్చుకుంటోంది. వ్యవసాయ విశ్వవిద్యాలయం గుంటూరు పక్కన లాంలోనే ఉంది. ఆంధ్రప్రదేశ్ ఫుడ్ ప్రాసెసింగ్ సొసైటీవారు తలచుకుంటే ఈ ముగ్గురినీ ఒక బల్ల దగ్గర కూర్చోబెట్టడం కష్టమైన పని కాదు.

ఈలోగా బ్యాంకువారికి ఒక మాట. ఫ్రీజ్ డ్రయ్యర్‌కు అప్పు అడిగిన సంఘం దగ్గర కొటేషన్ తీసుకునేటప్పుడు, ఒక విడతలో చుట్ట పట్టే మంచు ఎన్ని కిలోలు, నలభై డిగ్రీల గది వేడిలో చుట్ట ఎంత చల్లబడుతుంది, ఐదు కిలోల మామిడి ముక్కలకు ఎన్ని యూనిట్లు ఖర్చవుతాయి, పంపు పాడైతే ఎన్ని రోజుల్లో మనిషిని పంపుతారు అన్న నాలుగింటికి అమ్మేవాళ్ల సంతకంతో జవాబు తెప్పించుకోవాలి. ఇది లేకుండా అప్పు మంజూరు చేయడం ఆ ఆడవాళ్లకు మేలు చేయడం కాదు.

మా చెల్లెలి సంఘం ఆ యంత్రాన్ని మూలన పడేయలేదు. నాలుగు కిలోల కన్నా ఎక్కువ నీరుండకుండా తూచి, రోజు విడిచి రోజు గోంగూర, కరివేపాకు మాత్రమే ఆరబెడుతున్నారు. మామిడి జోలికి పోవడం మానేశారు. తాండ్ర మళ్లీ ఎండలోనే పోస్తున్నారు. వాళ్లు అప్పు తెచ్చింది మామిడి కోసం. బ్యాంకు వాయిదా ఇంకా మూడేళ్లు ఉంది. కూలికి ఆరబెట్టే కేంద్రం విజయవాడ దరిదాపుల్లో వస్తే, వచ్చే వేసవికి కాకపోయినా ఆపై వేసవికైనా, బంగినపల్లి ముక్కలు పట్టుకొని మొదటి వరసలో నిలబడతామని ఆ పది మందీ నాతో అన్నారు. వాళ్ల మాటగా ఈ ఉత్తరాన్ని మీ పత్రికలో ప్రచురించవలసిందిగా కోరుతున్నాను.

ఇట్లు,
విశ్రాంత కోల్డ్ స్టోరేజీ ప్లాంటు ఇంజనీరు,
గుంటూరు.